సిస్టరమ్మ కట్టే పోగు

ఫ్లాస్కు మూత తిప్పి ఒక్క గుక్క తాగగానే డిటెక్టివ్‌కి సంగతి తెలిసిపోయింది. కాఫీ చెరకురసంలా ఉంది. ఇది తనది కాదు, శ్రీవారిది.

పెళ్ళికి ఎవరో ఇచ్చిన జంట ఫ్లాస్కులు అవి. ఒకే నీలం రంగు, ఒకే ఎత్తు, ఒకే మూత. చక్కెర లేనిది ఆమెది. చక్కెరలో కాస్త కాఫీ పోసుకున్నది ఆయనది. పెళ్ళయి నెల తిరగలేదు, అప్పుడే ఇవి ఎన్నిసార్లు తారుమారయ్యాయో. కోపం రావాల్సిన చోట ఆమెకి నవ్వొచ్చింది. ఈమధ్య అన్నిటికీ నవ్వే వస్తోంది. ఆయన మడతపెట్టిన జేబురుమాలు చూసినా, స్కూటరు అద్దంలో ఆయన కనుబొమలు కనిపించినా సరే.

"నీ మొహం చూస్తే నా కాఫీ తాగినట్టున్నావు," అన్నాడు ఆయన స్కూటరుకి స్టాండు వేస్తూ. ఆయనది డ్రైవింగ్ స్కూలు. జనం క్లచ్చిని చావగొడుతుంటే పక్కసీట్లో చిరునవ్వుతో కూర్చోవడం ఆయన వృత్తి. "పోనీలే. కానీ ఆ జీపు పెట్టిన తీరు చూశావా? సగం రోడ్డు మీద, సగం మురిక్కాలవ మీద. నా దగ్గర నేర్చుకునేవాడైతే వారం రోజులు రివర్సే చేయించేవాణ్ణి."

"అది ఇన్‌స్పెక్టర్ గారి జీపు. కాస్త మెల్లగా."

"అందుకేగా మెల్లగా అంటున్నా."

నవ్వు ఆపుకుని ఆమె మెట్లెక్కింది. పిల్లల ఆరోగ్య కేంద్రం తలుపు సగం తెరిచి ఉంది. రోజూ ఈ పాటికి వరండా నిండా తల్లులూ, చంకల్లో పసివాళ్ళూ, ఏడుపులూ ఉండాల్సింది. ఇవాళ ఖాళీ బల్లలు. ఆఫీసు గదికి సీలు. మందుల అల్మారాకి సీలు. చేతులు వెనక్కి కట్టుకుని ఇన్‌స్పెక్టర్.

"రండి, కొత్త పెళ్ళికూతురు గారూ," అన్నాడు ఆయన. "హనీమూన్ ఇక్కడ పెట్టుకున్నారా?"

మనిషి నిలువునా ఇస్త్రీ మడత. కళ్ళు మాత్రం ఎర్రగా, వాచి ఉన్నాయి. భుజం మీది నక్షత్రానికి ఏదో పోగు చిక్కుకుని గాలికి ఆడుతోంది. ఇంత నీటు మనిషికి ఆ ఒక్కటే వంక అనుకుంది ఆమె.

"మీకు నిద్ర లేనట్టుంది సార్."

"కేసు తేలితే పడుకుంటా. పైనుంచి సంతకం దారిలో ఉంది. అది రాగానే మీ సిస్టరమ్మని తీసుకెళ్తా. ఈలోపు మాట్లాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

ఆయన జేబులో ఫోను మోగింది. చూసి, కట్ చేశాడు.

*

ఆమెని ఈ కేసులోకి దింపింది బిడ్డ తల్లే. అదే ఈ కేసులో మొదటి వింత. బిడ్డకి అపకారం జరిగిన తల్లి నేరస్థుణ్ణి పట్టుకోమని రావాలి. ఈమె నేరం మోపిన మనిషిని విడిపించమని వచ్చింది.

"మా పాప నెలలు నిండకుండా పుట్టిందండీ. పిడికెడంత ఉండేది. నాకేమో ఒళ్ళు తెలియని జ్వరం. అప్పుడు సిస్టరమ్మ దాన్ని తన ఒంటికి ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని, కుర్చీలో అలాగే కూర్చుందట. ఆవిడ ఒంటి వెచ్చదనంతోనే నా బిడ్డ నిలబడింది. ఇప్పటికీ దాన్ని పిడికెడు అనే పిలుస్తుంది. ఆ మనిషి నా బిడ్డకి విషం పోసిందంటే నేను నమ్మను. మీరూ నమ్మకండి."

మొన్న పిడికెడుకి జ్వరం చుక్కలు వేశారు. గంట తిరక్కుండా పాప సోలిపోయింది. పిలిస్తే పలకదు, చిటికేస్తే కదలదు. పెద్దాసుపత్రివాళ్ళు ఒక రాత్రంతా కాపలా కాశారు. తెల్లారి పాప కళ్ళు తెరిచి, పాల కోసం పెదవులు చప్పరించింది. డిటెక్టివ్ నిన్న వెళ్ళి చూసింది. లేతపసుపు దుప్పటిలో, వచ్చినవాళ్ళందరినీ తప్పుపట్టే మొహంతో చూస్తోంది. డిటెక్టివ్ చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. ఆ వేలు ఆమెకి ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది.

పాప దక్కింది. దక్కాల్సింది ఇక సిస్టరమ్మ.

*

సిస్టరమ్మ తూకం గదిలో స్టూలు మీద కూర్చుని, పని లేక, ఉతికిన గుడ్డల్నే మళ్ళీ మడతపెడుతోంది. లావుపాటి మనిషి. కళ్ళజోడు ముక్కు చివరకి జారి ఉంది.

"భోంచేశావా తల్లీ?" అంది చూడగానే.

"నేను ప్రశ్నలు అడగడానికి వచ్చానమ్మా."

"అడుగు. తినే వచ్చావా అని నేనూ అడుగుతా."

డిటెక్టివ్ పక్కన కూర్చుంది. "మొన్న ఏం జరిగింది?"

"పిడికెడుకి జ్వరమని అంతకు ముందే వాళ్ళమ్మకి చుక్కలు ఇచ్చా. మొన్న మళ్ళీ చూపించమన్నా. వాళ్ళమ్మకి డ్యూటీ ఉందని నాన్న తెచ్చాడు. జ్వరం తగ్గుముఖం పట్టింది. బరువు చూశా. సీసా చూశా. రాత్రికి మళ్ళీ వెచ్చబడితే ఇంకోసారి వెయ్యమని చెప్పి పంపించా. అంతే."

"సీసా ఎందుకు చూశారు?"

"ఎవరొచ్చినా సీసా తెమ్మంటాను. వేశామండీ అని అందరూ అంటారు. సీసాలో మందు తగ్గిందా లేదా చూస్తే కదా తెలిసేది. ఎక్కువ తగ్గినా భయమే, తగ్గకపోయినా భయమే."

"ఆ సీసాలో ఏం దొరికిందో ఇన్‌స్పెక్టర్ మీకు చెప్పారా?"

"విషం అన్నాడు. ఏం విషమయ్యా అంటే, ప్రశ్నలు నేనడగాలి, నువ్వు కాదు అన్నాడు. నా ఫోనూ తీసుకున్నాడు. ఎవరి బిడ్డకి ఏమైందో కబురైనా తెలియడం లేదు." ఆవిడ చేతిలో మడత ఆగిపోయింది. "నన్ను తీసుకెళ్తే తీసుకెళ్ళనీ. ఈ వారం టీకాలకి వచ్చేవాళ్ళకి ఎవరు చెప్తారు? అది చూడు ముందు."

డిటెక్టివ్ లేచి వరండాలోకి వెళ్ళింది.

"సార్, ఆ సీసా ఒకసారి చూపించండి."

"సాక్ష్యం అది. ఆటబొమ్మ కాదు."

"ముట్టుకోను. కళ్ళతోనే."

"చూసి ఏం పీకుతారు? ల్యాబ్ తేల్చేసింది. జ్వరం చుక్కలు కావవి, ఫిట్స్ వచ్చే పిల్లలకి వేసే మందు. పసిపిల్లకి అంత వేస్తే మత్తులోకి పోదా? అదే మందు పెద్ద సీసాతో ఆ అల్మారాలో ఉంది. తాళం ఆవిడ నడుముకి ఉంది. ఇందులో డిటెక్టివ్‌కి పనేముంది?"

"ఏమీ లేదు. అందుకే చూస్తే ఇంటికి పోతాను. ఆయన పాపం ఎండలో నిలబడ్డారు."

ఇన్‌స్పెక్టర్ గేటు వైపు చూశాడు. శ్రీవారు జీపు చుట్టూ తిరుగుతూ, టైరుకీ కాలవకీ మధ్య దూరాన్ని జేనలతో కొలుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికి, బ్యాగులోంచి పారదర్శకమైన కవరు తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

వేలెడు గోధుమరంగు సీసా. లేబుల్ లేదు, ఎండిన బంక మరక మాత్రం ఉంది. రబ్బరు బుడ్డి ఉన్న గాజు డ్రాపరు. డ్రాపరు నడుముకి చుట్టి, ముడేసిన ఒక నూలు పోగు.

ఆకుపచ్చ పోగు.

"ఈ దారం ఏమిటి?"

"కొలత కోసమట. ఇంతవరకు మందు లాగాలి అని గుర్తు. పిల్ల తండ్రి చెప్పాడు. చూశారుగా, ఇక వెళ్ళండి."

ఫోను మళ్ళీ మోగింది. ఆయన మళ్ళీ కట్ చేశాడు. "ఇంటి గోల," అని తనలో తాను గొణిగాడు.

*

పిడికెడు వాళ్ళ నాన్న రొట్టెల బట్టీలో పనివాడు. కనుబొమల మీద ఇంకా పిండి ఉంది. డిటెక్టివ్ రమ్మన్నదని పరుగున వచ్చి, తూకం గది గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదేనేమో మేడమ్. డ్రాపరులో ఎక్కువ లాగానేమో."

"దారం దాకానే లాగావా?"

"దారం దాటలేదండీ. ఒట్టు."

"సరే. మొన్న ఈ గదిలోకి వచ్చినప్పటినుంచి ఏమేం చేశావో మళ్ళీ చెయ్యి. మాట్లాడకు, చేసి చూపించు."

అతను బయటికి వెళ్ళి, లేని బిడ్డని భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. జేబులోంచి లేని సీసా తీశాడు. సిస్టరమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసినట్టు చూసి తిరిగి ఇచ్చింది. అప్పుడతను దాన్ని జేబులో పెట్టుకోలేదు. నాలుగడుగులు వేసి కిటికీ కిందికి వంగాడు.

అక్కడొక ఎనామెల్ బేసిన్ ఉంది. నిండా నీళ్ళు.

"ఇదేమిటి?" అంది డిటెక్టివ్.

"ఎండన పడి నడిచొస్తారు కదా," అంది సిస్టరమ్మ. "మందు వేడెక్కకూడదని అందరూ సీసాలు దాంట్లో నిలబెడతారు. నేను వద్దనలేదు. మంచిదే."

డిటెక్టివ్ మణికట్టుదాకా చెయ్యి ముంచింది. కొత్త ఉంగరం బేసిన్ అంచుకి తగిలి టింగుమంది. వేళ్ళకి అడుగున ఏదో జారుడుగా తగిలింది. పైకి తీస్తే నానిన కాయితం ముద్ద. ఇంకొకటి. అక్షరాలు ఎప్పుడో కరిగిపోయాయి.

"లేబుళ్ళు," అంది సిస్టరమ్మ ఇబ్బందిగా. "ఆ బంకకి నీళ్ళు తగిలితే చాలు, ఊడొస్తాయి. మంచి బంక పంపండి మహాప్రభో అని ఎన్నిసార్లు రాశానో. అందుకే కదా నేను పోగు కట్టడం మొదలుపెట్టింది."

"పోగు కొలత కోసం కదా?"

"కొలతకీ అదే, గుర్తుకీ అదే. బిడ్డని చుట్టిన గుడ్డలోంచే ఒక పోగు లాగి ఇమ్మంటాను. దాన్నే డ్రాపరుకి కడతాను. చదువొచ్చినా రాకపోయినా, తన బిడ్డ దుప్పటి రంగు తెలియని తల్లి ఉండదు."

"తల్లి," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "తండ్రి?"

రొట్టెల బట్టీ మనిషి అటూ ఇటూ చూశాడు. "దారం అంటే కొలతేననుకున్నానండీ."

"నువ్వు సీసా పెట్టినప్పుడు బేసిన్‌లో ఇంకో సీసా ఉందా?"

"ఉందండీ. రెండూ ఒకేలా ఉన్నాయి. పాపకి చొక్కా తొడిగి, చేతికందినది తీసుకున్నా. రెండిటికీ దారం ఉంది." అతను బేసిన్ వైపు చూశాడు. "రెండూ ఒకటే మందనుకున్నా. పిల్లల మందే కదా అని."

జంట ఫ్లాస్కులు. ఒకే ఎత్తు, ఒకే మూత. తాగితేగాని తేడా తెలియదు. డిటెక్టివ్‌కి నోట్లో ఇంకా ఆ తీపి ఉంది.

"మీ పాప దుప్పటి లేతపసుపు," అంది. "పోలీసుల దగ్గరున్న సీసాకి కట్టింది ఆకుపచ్చ పోగు."

సిస్టరమ్మ చేతిలోని గుడ్డ కింద పడింది.

"ఆకుపచ్చా? సరిగ్గా చూశావా తల్లీ?"

"చూశాను. అందులో ఉన్నది ఫిట్స్ మందట."

"అది చిలకది." ఆవిడ స్టూలు మీంచి లేచిన వేగానికి స్టూలు తిరగబడింది. "ఆకుపచ్చ అల్లికలో చుట్టుకొస్తుందని నేనే పెట్టా ఆ పేరు. పెద్ద డాక్టరు రాసిచ్చిన మందు, నెలనెలా ఇక్కడే పోసిస్తా. మొన్న పిడికెడు కంటే ముందు వచ్చారు. వాళ్ళమ్మ వరండాలో పాలిస్తూ కూర్చుంది."

గుమ్మంలో బూట్ల చప్పుడయింది. ఇన్‌స్పెక్టర్ అక్కడ నిలబడి చాలాసేపే అయినట్టుంది.

"కథ బాగుంది," అన్నాడు. "అయితే ఆ రెండో పిల్ల తల్లి ఈపాటికి గోల చెయ్యాలి కదా?"

"గోల ఎవరి దగ్గర చెయ్యాలయ్యా?" సిస్టరమ్మ ఆయన మీదికే నడిచింది. "క్లినిక్ ఫోను నీ సీలు వెనక మోగి మోగి ఊరుకుని ఉంటుంది. నా ఫోను నీ బ్యాగులో. అడ్రసులన్నీ ఆ గదిలో. మొన్నట్నుంచి ఆ బిడ్డ కడుపులోకి జ్వరం చుక్కలు పోతున్నాయి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే ఎప్పుడైనా రావచ్చు, వస్తే ఆగకపోవచ్చు. నన్ను తర్వాత తీసుకెళ్ళు. ముందు చిలకని వెతికించు."

"చిలకంటే ఎవరు? అసలు పేరు?"

"పుస్తకంలో ఉంది. నాకు చిలకే."

"వాళ్ళ నాన్న?"

"ఏనాడూ రాలేదు. ఏం చేస్తాడమ్మా అంటే, ఆయనకి తీరికుండదండీ అంటుంది."

ఫోను మళ్ళీ మోగింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది.

డిటెక్టివ్ ఆయన ముఖం చూడలేదు. భుజం చూస్తోంది. కిటికీ వెలుతురు నేరుగా ఆ నక్షత్రం మీద పడుతోంది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందు ఎవరినో భుజాన వేసుకుని ఊరడించిన మనిషి. రాత్రంతా నిద్ర లేని మనిషి. నక్షత్రం కొనకి చిక్కుకుని, తెంపుకుని వచ్చిన ఆకుపచ్చ నూలు పోగు.

"కట్ చెయ్యకండి సార్," అంది. "ఎత్తండి. అందరికీ వినిపించేలా."

"ఇది ఇంటి ఫోను. మీకు సంబంధం లేదు."

"మీ పాప దుప్పటి ఏ రంగు?"

ఆయన ఫోను బయటికి తీశాడు. ఆ రంగు నిజంగా తెలియదేమో, లేక అప్పుడే తెలిసిందేమో. బొటనవేలు తెర మీద ఆకుపచ్చ గుర్తుని నొక్కింది.

"ఎన్నిసార్లు చెయ్యాలండీ మీకు?" ఆడగొంతు, ఏడుపుకి అంచున. "పాప నిన్నట్నుంచి చేతులు విదిలిస్తోందని చెప్పానా లేదా? మందు వేస్తూనే ఉన్నా, పనిచెయ్యడం లేదు. క్లినిక్‌కి చేస్తే ఎవరూ ఎత్తరు. ఆ సిస్టరమ్మ ఎక్కడుందో కాస్త కనుక్కోండీ. ఇదిగో, మళ్ళీ బిగుసుకుపోతోంది. చిట్టితల్లీ, ఇటు చూడమ్మా…"

ఫోను ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి సిస్టరమ్మ చేతిలోకి ఎప్పుడు మారిందో ఎవరూ చూడలేదు.

"చిలక వాళ్ళమ్మా, నేనే. భయపడకు, విను. నేల మీద ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టు. మెడ దగ్గర బట్ట వదులు చెయ్యి. నోట్లో ఏమీ పెట్టకు, నీళ్ళు పోయకు. గట్టిగా పట్టుకోకు. పక్కన ఉండు, చాలు. నేను వస్తున్నా." తర్వాత ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "మందు అల్మారాలో ఉంది," అంది.

తాను అంటించిన సీలుని ఇన్‌స్పెక్టర్ గోళ్ళతో చీరేశాడు. సిస్టరమ్మ నడుము నుంచి తాళం తీసింది. సీసాలోకి మందు పోసి, ఫిట్స్ ఆపే అత్యవసర మందుల సంచీ భుజాన వేసుకుంది. రొట్టెల బట్టీ మనిషి ఎవరూ చెప్పకుండానే ముందు పరిగెత్తి గేటు బార్లా తీసి, వెళ్ళే ఆ సంచీకి దణ్ణం పెట్టాడు.

జీపు దగ్గర ఇన్‌స్పెక్టర్ తాళంచెవి రెండుసార్లు జారవిడిచాడు. శ్రీవారు వంగి తీశాడు.

"మీరు వెనక కూర్చోండి సార్. దారి చెప్పండి, చాలు. బండి నేను తిప్పుతా."

కాలవ అంచున వేలాడుతున్న ఆ జీపుని ఆయన ఒక్క విసురున రోడ్డు మీదికి తెచ్చిన తీరుకి, వేరే రోజైతే డిటెక్టివ్ చప్పట్లు కొట్టేది. ఇప్పుడు ఆయన భుజం మీద చెయ్యి మాత్రం వేసింది. ఇంత నిదానమైన మనిషి తనకి దొరికినందుకు ఎవరికి చెప్పుకోవాలో తెలియక, ఆ భుజానికే చెప్పింది.

సిస్టరమ్మ ముందు సీట్లో, ఫోను చెవికి ఆనించుకుని ఉంది. "ఊపిరి చూస్తున్నావా? కదులుతోందా పొట్ట? చూస్తూనే ఉండు." వెనక సీట్లో ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ఫోనులోంచి ఒక సన్నటి ఏడుపు. తర్వాత పెద్దది. తర్వాత ఇల్లెగిరిపోయేది.

"ఏడవనీ," అంది సిస్టరమ్మ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "బాగా ఏడవనీ తల్లీ. ఇది ఆగింది, కానీ మళ్ళీ రావచ్చు. నేను వచ్చేదాకా పక్కనే ఉండు."

"దారం రంగు వెలిసిపోయిందేమో అనుకున్నానండీ," అంటోంది అటువైపు తల్లి. "నీళ్ళలో నాని పచ్చదనం పోయిందేమోనని…"

"ఇప్పుడవన్నీ వద్దు. దారిలో ఉన్నాం."

జీపు మలుపు తిరిగింది. సిస్టరమ్మ ఒళ్ళో కొత్త సీసా, కొత్త డ్రాపరు. ఆవిడ అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చెయ్యి చాపింది, ఏ తల్లినైనా అడిగినట్టే.

"పోగు ఇవ్వండి."

ఇన్‌స్పెక్టర్‌కి ముందు అర్థం కాలేదు. డిటెక్టివ్ కళ్ళతోనే ఆయన భుజం చూపించింది. ఆయన తడుముకుంటూ నక్షత్రం దగ్గరికి వేళ్ళు తీసుకెళ్ళి, చిక్కు విడదీసి, ఆకుపచ్చ పోగుని సిస్టరమ్మ అరచేతిలో పెట్టాడు. రెండు చేతులతో పెట్టాడు.